మాట దొరికేదాకా పక్కన నిలబడిన బీజీ

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో చదువుకున్న మన తెలుగు పిల్లలకు తల్లి వలె, కొన్నిసార్లు అంతకు మించి అత్తగారి వలె మసలిన శ్రీమతి గుర్‌దేవ్ కౌర్ గారు, మనమంతా ‘బీజీ’ అని పిలుచుకున్న ఆ పెద్దావిడ, పోయిన వారం ఒక ఉదయం కన్నుమూశారు. నేను పనిచేసే వేర్‌హౌస్‌లో టీ బ్రేక్ సమయానికి ఆమె మనవరాలు సిమ్రన్ ఫోన్ చేసింది. “దీదీ, బీజీ ఈజ్ గాన్” అంది. ఇటువంటి వార్త విన్నప్పుడు నోట మాట రాలేదని రాయడం మర్యాద. నాకు వచ్చింది. “అమ్మయ్య” అన్నాను.

దిగ్భ్రాంతి ఆ తర్వాత కలిగింది, ఆమె మరణానికి కాదు, నా నోటికి. సిమ్రన్ అడగనే అడిగింది, అమ్మయ్య అంటే ఏమిటని. దాచలేక చెప్పాను. “యా, మా పాపా కూడా అలాగే తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు” అంది, వాళ్ళ నాన్న గురించి.

ఒక పుణ్యాత్మురాలి నిర్యాణం ఊరట కలిగించిందని అచ్చులో రాయడం సభ్యత కాదని ఎరుగుదును. కానీ ఆ ఊరట ఎలా వచ్చిందో చెప్పకుండా బీజీని గురించి చెప్పడం నాకు చేతకాదు.

బీజీది జలంధర్ దగ్గర పల్లె. భర్త వెంట కెనడా వచ్చి, ఆయన పోయాక కొడుకు బల్వీందర్ గారి దగ్గర ఉండిపోయారు. ఆయన ట్రక్ నడుపుతారు. కాలేజీలన్నీ మన పిల్లలతో కిక్కిరిసిపోయిన ఆ ఏళ్ళలో కేంబ్రిడ్జ్‌లో ఏ ఇంటి బేస్‌మెంటు కిటికీ దగ్గర చెవి పెట్టినా తెలుగు వినబడేది. బీజీ ఇంటి బేస్‌మెంటు కూడా అంతే. ఇప్పుడు ఎడ్మంటన్‌లో, ఓక్‌విల్‌లో సంసారాలు పెట్టుకుని ఇది చదువుతున్న మీలో కొందరు ఆమె చేతి పరాఠా తిన్నవాళ్ళే. తినని వాళ్ళ కోసం మిగతాది రాస్తున్నాను.

నేను నరసరావుపేటలో గిన్నెల కొట్టువాళ్ళ పిల్లను. నడక కంటే ముందు నాకు బేరం వచ్చిందని మా అమ్మ అంటుంది. కరీంనగర్ పిల్ల స్రవంతితో కలిసి ఆ ఇల్లు చూడడానికి వెళ్ళిన రోజున ఆ విద్యనంతా వెంట తీసుకువెళ్ళాను. పైన ఉన్న పెద్ద వంటగది ఆదివారాలు మాకు కావాలని అడిగాను. ఆమె ససేమిరా అంటుంది, నేను నొచ్చుకున్నట్టు కనబడతాను, చివరికి ఫ్రిజ్‌లో ఒక అర దగ్గర తెగుతుంది, ఇదీ నా లెక్క. బీజీ నా ముఖంలోకి చూసి, “ఆదివారమే ఎందుకు పుత్తర్? మిగతా రోజులు ఉపవాసమా? రోజూ వండుకో” అన్నారు. “మిరపకాయలు వేయించే ముందు మాత్రం ఒక కేక వెయ్యి. నేను పార్కుకు పోతాను.”

బయటికి వచ్చాక స్రవంతి నవ్వు ఆపుకోలేకపోయింది. “గామె ఒప్పుకున్నంక గూడ నీ మొహం గట్లెందుకున్నదే?”

“అడగ్గానే ఒప్పేసుకుంది. ఇంకా పెద్దది అడగాల్సింది.”

“నువ్వు సచ్చి స్వర్గంకు పోయినా గేటు కాడ బేరం వెడ్తవ్ తల్లీ.”

అడగ్గానే ఇచ్చేవాళ్ళతో ఎలా మసలుకోవాలో మా కొట్టులో ఎవరూ నేర్పలేదు. అది బీజీ దగ్గరే నేర్చుకోవలసి వచ్చింది.

ఆ ఇంటి మేడమీద ఒక గది ఉండేది. దాన్ని ‘బాబాజీ గది’ అనేవారు. అక్కడ తెల్లటి దుప్పటి పరిచి, ఎత్తైన పీఠం మీద చాందినీ కింద, బాబాజీ అని తాము కొలిచే సిక్కుల గురుగ్రంథాన్ని నిలిపారు. పొద్దుటా సాయంత్రం పాఠం అయ్యాక అందరూ తల కప్పుకుని, చేతులు జోడించి నిలబడతారు. ఒకరు ముందుండి ప్రార్థన చెబుతారు. దాన్ని అర్దాస్ అంటారు. మొదట గురువుల స్మరణ, ధర్మం కోసం ప్రాణాలిచ్చినవారి స్మరణ వస్తాయి. చివర లోకమంతా బాగుండాలన్న వేడికోలు ఉంటుంది. ఈ రెంటికీ నడుమ ఒక చోట ప్రార్థన ఆగుతుంది. అక్కడ ఆ రోజు, ఆ ఇంటివాళ్ళు, తమకు ఏం కావాలో తమ మాటల్లో చెప్పుకోవాలి. బీజీ దాన్ని ఇలా చెప్పేవారు: “మొదలు పెద్దలది. చివర అందరిది. నడుమ ఖాళీ నీది.”

ఆ ఖాళీ దగ్గరే అందరికీ నోరు పడిపోయేది. పంజాబ్ నుంచి వచ్చిన పిల్లలు కూడా గురుద్వారాలో గ్రంథం చదివే పెద్ద, గ్రంథి గారి దగ్గరికి వెళ్ళి, “నా వీసా కోసం మీరే చెప్పండి జీ” అని ఆయనకు అప్పగించేవారు. ఆయన గంభీరమైన పంజాబీలో అందరికీ ఒకే ధారగా చెప్పేవారు. అందులో తప్పేమీ లేదు. బీజీ మాత్రం తన ఇంట్లో ఒప్పుకునేవారు కాదు. “నీ కడుపునొప్పి ఇంకొకడు మూలుగుతాడా?” అనేవారు.

నా వర్క్ పర్మిట్ ఎంతకీ రాని రోజులవి. చదువు అయిపోయింది. ఊళ్ళో అమ్మానాన్నలకు ఫోన్ చేయాలంటే భయం వేసేది. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేశాను. మా ఇంట మొక్కు అంటే ఒప్పందమే. కోటప్పకొండ తిరునాళ్ళకు రంగు కాగితాల అలంకారంతో తాటిచెట్టంత ప్రభ కట్టిస్తానని మొక్కుకుని, వ్యాపారం అనుకున్నంత పుంజుకోలేదని ప్రభ ఎత్తు తగ్గించిన ఘనుడు మా నాన్న. “స్వామి సగం ఇచ్చాడు, మనం సగం కడుతున్నాం. ఇందులో అపచారమేముంది?” అని ఊరందరి ముందూ వాదించాడు. ఆ రక్తమే కదా నాది. బీజీ దగ్గరికి పోయి, బాబాజీకి నా గురించి ఒక మాట చెప్పమని అడిగాను.

“నువ్వే చెప్పు.”

“నాకు పంజాబీ రాదు కదా బీజీ.”

“నిన్న పప్పులో ఉప్పు తక్కువైందని ఏ భాషలో అన్నావు?”

అప్పటికి సినిమా హిందీ మీద ఆమె వంటింటి పంజాబీ కాస్త అద్దుకుని నెట్టుకొస్తున్నాను. ఇక్కడ ఆమె మాటలన్నీ తెలుగులో పెడుతున్నాను కానీ ఆ గొంతులోని గరుకు పెట్టలేను.

ఆ సాయంత్రం చున్నీ కప్పుకుని నిలబడ్డాను. బీజీ మొదటి భాగం చెప్పి, నా కోసం ఆగారు. పనిచేసుకుంటూ వల్లె వేసుకున్న పంజాబీ వాక్యాన్ని నేను బిగ్గరగా సమర్పించాను. వర్క్ పర్మిట్ ఇప్పిస్తే నా తలమీది జుట్టు మొత్తం, ఒక్క వెంట్రుక మిగల్చకుండా, బాబాజీకే ఇచ్చేస్తానని.

వెనక సిమ్రన్ “ఓ మై గాడ్” అని గొణగడం వినబడింది. బీజీ ఒక కన్ను తెరిచి నా వైపు చూశారు. పుట్టిన నాటి నుంచి కత్తెర తాకని జుట్టును దేవుడిచ్చిన రూపంగా కాపాడుకునే వంశం వారిది. ఆ ఇంటి దేవుడికి నేను గుండు మొక్కాను. ఆమె ఎలాగో ఆపుకుని ప్రార్థన పూర్తిచేశారు. నుదురు నేలకు ఆనించి లేచాక మాత్రం గోడకు చేరగిలబడి, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వారు. “ఇన్ని దుకాణాలు తిరిగి, ఏ సరుకు ఈయన తీసుకోడో అదే పట్టుకొచ్చావా పుత్తర్!”

కిందికి వచ్చి స్రవంతికి చెబితే, “మంచిగైంది. తిరుపతి మాల్ దీస్కపోయి ఈడ అమ్మవడ్తివి?” అంది.

మర్నాడు బీజీ గడప దగ్గరే నన్ను ఆపి, “చెప్పులతోపాటు దుకాణం కూడా బయట విడిచి రా” అన్నారు. ఆ మాట ఆమె తర్వాత చాలామందికి చెప్పారని విన్నాను. మొదట చెప్పించుకున్న ఘనత నాదే.

దుకాణం బయట పెట్టి వెళితే నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. షరతు లేకుండా అడగడం ఎలాగో తెలియదు. ఖాళీ వచ్చింది, నేను నోరు తెరిచాను, ఏమీ రాలేదు. బీజీ అందించలేదు. ఎప్పుడూ ఎవరికీ అందించేవారు కాదు. చేతులు జోడించి పక్కన నిలబడ్డారు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఒక కాలి మీంచి మరో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, నిట్టూర్పు కూడా వినబడనీయకుండా, నాకు మాట దొరికేదాకా అలాగే ఉన్నారు. చివరికి వచ్చింది. “భయంగా ఉంది. దగ్గరుండు.” అంతే. పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా ఉంది. బీజీ దేవుణ్ణి తలుచుకుని “వాహెగురు” అన్నారు, అది చాలన్నట్టు.

పర్మిట్ తర్వాత ఎప్పుడో వచ్చింది. పరుగున మేడమీదికి వెళ్ళి, “ఇప్పుడు నేనేం చెయ్యాలి బీజీ?” అని అడిగాను. మొక్కు చెల్లించడానికి చేతులు దురద పెడుతున్నాయి.

“ఏం చెయ్యాలా? ఉద్యోగం చెయ్యి.”

అయినా నా పోరు పడలేక ఒక ఆదివారం గురుద్వారా వంటశాలకు తీసుకువెళ్ళి గిన్నెల ముందు నిలబెట్టారు. గిన్నెలు అమ్మినదాన్నే కానీ అన్నేసి గిన్నెలు ఎన్నడూ కడగలేదు. “ఇది చెల్లింపు కాదు, గుర్తుంచుకో. ఇవి మురికిగా ఉన్నాయి, అందుకు కడుగుతున్నావు” అన్నారు.

అటువంటి మనిషికి జబ్బు చేసింది. వైద్యులు చేయగలిగినదంతా చేసి, ఇంకేమీ లేదని చెప్పి ఇంటికి పంపారు. ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశారు. మేడ ఎక్కలేరు గనుక సాయంత్రపు అర్దాస్ ఆ మంచం దగ్గరికే దిగివచ్చింది. బల్వీందర్ గారు ట్రక్ పని మానుకుని ఇంట్లో ఉండి, రోజూ ఆయనే ముందుండి చెప్పేవారు. ఖాళీ వచ్చినప్పుడు “మా అమ్మకు ఆరోగ్యమివ్వు, దీర్ఘాయువునివ్వు” అని వేడుకునేవారు. బంధువులు వచ్చినా అదే, గ్రంథి గారు వచ్చినా అదే. మేమందరం “వాహెగురు” అనేవాళ్ళం. ప్రార్థన కాగానే బీజీ కిటికీ వైపు ముఖం తిప్పుకునేవారు. నొప్పి అనుకున్నారు అందరూ. మందు వేళకు ముందే ఇచ్చేవారు.

ఆ ముఖం నాకు తెలుసు. కొట్టులో చూశాను. ఒకావిడ వస్తుంది, అది చూస్తుంది, ఇది చూస్తుంది, అన్నీ బాగున్నాయంటుంది, తనకు కావలసినదాన్ని మాత్రం అడగదు. అటువంటప్పుడు మా నాన్న మిగతావన్నీ తీసి పక్కన పెట్టి, ఊరుకుని కూర్చునేవాడు. నేనూ అదే చేశాను. ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, మంచం పక్కన కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాను. నా జీవితంలో అది అరుదైన ఘట్టం.

చాలాసేపటికి బీజీయే అన్నారు. “అలసిపోయాను పుత్తర్. పోవాలని ఉంది.”

“మరి అడగండి బీజీ. ఖాళీ మనదే కదా.”

“అడగనా? కొడుకు ఉంచమంటాడు. కోడలు ఉంచమంటుంది. ఇల్లంతా ఒకటి అడుగుతుంటే నేనొక్కదాన్నే ఇంకొకటి అడగాలా? బాబాజీ ఎవరి మాట వింటాడు?” ఆయాసపడి, మళ్ళీ అందుకున్నారు. “నా చున్నీ కొంగు వాడు గట్టిగా పట్టుకున్నాడు. వాడు వదిలితే తప్ప నేను లేవకూడదు.”

ప్రార్థన విషయంలో ఆమె అందరికీ నేర్పిన విద్య, ఆమెకే అడ్డం తిరిగింది. తన మాట తెలిసి, తన భాష ఉండి, అడగలేకపోతున్నారు. తన అర్దాస్ వేరొకరి నోట రావాలి. వచ్చేదాకా ఆ బాధలో పడి ఉండాలి.

నేను బేరగత్తెను కదా, బల్వీందర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఇంటి ముందు మంచు తోస్తున్నారు. “అంకుల్, పూర్తిగా మార్చొద్దు. సగం మార్చండి. ఆయుష్షు ఇవ్వమనడం మానేసి, నొప్పి లేకుండా చూడమనండి” అన్నాను. చాలా తెలివిగా చెప్పాననుకున్నాను.

ఆయన పార మంచులో గుచ్చి నిలబడ్డారు. “నొప్పి లేకుండా అంటే ఏంటో నాకు తెలీదా? అమ్మను తీసుకుపొమ్మని నా నోటితో నేను అడగాలి, అదేగా? మీ అమ్మ గురించి నువ్వు అడుగుతావా?”



“పో బేటా, లోపలికి పో. చలిగా ఉంది” అని మళ్ళీ మంచు తోయడంలో పడ్డారు. నా వాక్చాతుర్యాన్ని కూడా ఆ పారతోనే తోసి గట్టున పోశారు.

తలుపు దగ్గర సిమ్రన్ నిలబడి ఉంది. అంతా విన్నది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, నాకంటే చిన్నదే, యూనివర్సిటీలో చదువుతోంది. పంజాబీలో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. నన్ను బేస్‌మెంటు మెట్ల మీదికి లాక్కుపోయి, “దీదీ, ఐ కెన్ డూ ఇట్. బట్ ఐ డోంట్ హావ్ ద వర్డ్స్” అంది.

మాటల కోసం ఇద్దరం ఫోన్ ముందేసుకున్నాం. అందులో దొరికిన పంజాబీ, దస్తావేజు లాగా ఉంది. చదువుతుంటే సిమ్రన్‌కే నోరు తిరగలేదు. చివరికి అడిగాను. “బీజీ నీతో చిన్నప్పుడు ఏం మాట్లాడేది?”

“నథింగ్. జస్ట్... తిను. చెప్పులు విడువు. ఇంటికి పద. భయపడకు, నేనున్నా. నిద్రపో. కిచెన్ స్టఫ్.”

“నాకు ఆ మాత్రం కూడా రాదు. వచ్చిన ఆ నాలుగు ముక్కలతోనే పర్మిట్ అడిగాను.”

ఆ సాయంత్రం బల్వీందర్ గారు ఎప్పటిలాగే ముందు నిలబడ్డారు. గురువుల స్మరణ అయింది, అమరుల స్మరణ అయింది. ఖాళీ వచ్చింది. ఆయన నోరు తెరిచారు. ఆయుష్షు అనలేకపోయారు. మరొకటీ అనలేకపోయారు. భుజాలు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు. ఎవరూ అందించలేదు. అది ఆ ఇంటి ఆచారం.

అప్పుడు సిమ్రన్ చెప్పింది, పంజాబీలో, ఐదేళ్ళ పిల్ల పంజాబీలో.

“బాబాజీ, బీజీ అలసిపోయింది. ఆమెను ఇంటికి తీసుకెళ్ళు. గడప దగ్గర నిలబెట్టకు, మోకాళ్ళు నొప్పి. చెప్పులు నువ్వే విడిపించు. భయపడకు, నేనున్నా అని చెప్పు. నిద్రపుచ్చు.” ఇంకొకటి కలిపింది. “పాపా ఏడుస్తాడు. నేను చూసుకుంటాను.”

అందరికంటే ముందు మంచం మీంచి వినబడింది, “వాహెగురు” అని. ఆ తర్వాత బల్వీందర్ గారి గొంతు, బొంగురుగా, అదే మాట. ఆయన మిగతా ప్రార్థన పూర్తిచేశారు. లోకమంతా బాగుండాలని చెప్పేటప్పుడు గొంతు తడబడలేదు. బీజీ ఆ రోజు కిటికీ వైపు తిరగలేదు. జోడించిన చేతులు నుదుటికి ఆనించుకుని, కొడుకును దగ్గరికి పిలిచి ఆయన గడ్డం నిమిరారు. తర్వాత సిమ్రన్ వైపు చూసి, “చెప్పుల మాట బాగుంది” అన్నారు. ఆ వెంటనే ఆకలన్నారు. ఎన్నాళ్ళుగానో ఎవరూ వినని మాట అది. మిరపకాయలంటే పార్కుకు పారిపోయే మనిషి, మా గోంగూర పచ్చడి నాలుక చివర పెట్టమని అడిగి, పెట్టాక ముఖం చిట్లించి, “ఇందుకేనా పైన మిమ్మల్ని వండనిచ్చింది!” అని నన్ను తిట్టారు. ఇల్లంతా నవ్వింది. బల్వీందర్ గారు అందరికంటే గట్టిగా నవ్వారు.

ఆ వారం దాటకముందే, తెల్లవారాక, నిద్రలోనే వెళ్ళిపోయారు. కొడుకు పక్కనే ఉన్నారు. బాబాజీ ఆమెను ఎక్కడా నిలబెట్టకుండానే తీసుకువెళ్ళారని ఆయన ప్రతివారికీ చెబుతున్నారు. అందుకే నా నోట ఆ “అమ్మయ్య” వచ్చింది. దానికి నేనిప్పుడు సిగ్గుపడడం లేదు.

అంత్యక్రియలు అయ్యాక మా నాన్నకు ఫోన్ చేశాను. బీజీ కథలన్నీ ఆయనకు తెలుసు. అంతా విని, వ్యాపారి గనుక అడిగాడు. “ఆవిడ సుఖంగా వెళ్ళాలని నువ్వేం మొక్కుకున్నావమ్మా? చెల్లించాల్సింది ఏమైనా ఉందా?”

“ఏమీ లేదు నాన్నా. అడిగామంతే.”

“ఉత్తినే?”

“ఉత్తినే.”

“అలా కూడా ఇస్తాడన్నమాట” అన్నాడు.

ఊరట సంగతి చెప్పాను. నష్టం సంగతి కూడా చెప్పాలి. నిన్న సాయంత్రం బాబాజీ గదిలో మళ్ళీ నిలబడ్డాం. ఈసారి నన్ను చెప్పమన్నారు. ఖాళీ దగ్గరికి వచ్చి ఆగాను. బీజీకి కృతజ్ఞత చెప్పాలనుకున్నాను, పంజాబీలో ఆ మాట తెలియలేదు. అలవాటుగా పక్కకు చూశాను. మోకాళ్ళ నొప్పి దిగమింగుకుంటూ, ఒక కాలి మీంచి మరో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, ఏమీ అందించకుండా, తొందరపెట్టకుండా నిలబడే మనిషి అక్కడ లేదు. మాటలు నేర్పేవాళ్ళు ఈ దేశంలో చాలామంది దొరుకుతారు. మాట దొరికేదాకా పక్కన నిలబడేవాళ్ళను నేను ఆమె ఒక్కరినే చూశాను.

బీజీ, నేను చెప్పులు బయటే విడిచాను. దుకాణం కూడా. నిన్న నాకు మాట దొరకలేదు. అయినా సిమ్రన్, వాళ్ళ నాన్న, స్రవంతి, ఎవరూ కదలకుండా నా పక్కన నిలబడే ఉన్నారు.